గుట్ట మీది మలుపు

పైలట్లు లేని విమానాలు సిమ్యులేటర్లలోనే దారులు నేర్చుకునే రోజులవి. ఆ దారుల్లోని మలుపులను కంప్యూటర్‌లో ఎక్కించడం నవనీత ఉద్యోగం. ఓసారి సరిచూసుకోవడానికి తన ఊరి గుట్టను ఉత్తుత్తి మలుపుగా ఎక్కించి, తీసెయ్యడం మరిచిపోయింది. అప్పటినుంచి ప్రతి విమానమూ ఆ గుట్టను చుట్టిగానీ నగరానికి పోవడం లేదు. తప్పు ఒప్పుకోవడానికి ఆమెకు నోరు రాలేదు.

సెలవుకు ఊరొచ్చి మిద్దె మీద వడియాలు పెడుతుంటే, పక్కింటి పోశవ్వ కొబ్బరికాయతో వచ్చింది.

"సూడు బిడ్డా, ఇమానాలు సుత మన గుట్ట మీది మల్లన్న దేవుని సుట్టు తిరుగుతున్నయి! గుట్ట మీద గుడి కడుతున్నం. సదువుకున్న పిల్లవు, తొలి కాయ నువ్వే కొట్టాలె."

"అవ్వా, అది..." అంటూ నవనీత తలెత్తింది. పోశవ్వ అప్పటికే చెప్పులు విడిచి, పైన తిరుగుతున్న విమానానికి దండం పెడుతోంది.

నవనీత పిండిచేతులు తుడుచుకుని, నేలచూపులు చూస్తూ కాయ అందుకుంది.

"సరే అవ్వా."