ఆకాశంలో పోలమ్మ గొంతు

సముద్రపు దొంగలు తుపాకులతో పాత ఐసు ఫ్యాక్టరీలో దూరారు. పక్క వీధిలో ఒక్క మనిషి ఉన్నా సైన్యం డ్రోన్ల తుపాకులు పేలవు. వాటి తయారీయే అలాంటిది. అందుకని కెప్టెన్ హైమవతి ముందు వీధి ఖాళీ చేయించే పనిలో పడింది.

"పౌరులారా, దయచేసి సురక్షిత ప్రాంతానికి తరలివెళ్లండి" అని డ్రోన్లు ఎంత మర్యాదగా చెప్పినా ఒక్క తలుపూ తెరుచుకోలేదు. పొద్దస్తమానం నెత్తిమీద తిరిగే అలాంటి గొంతుల్ని జనం ఎప్పుడో పట్టించుకోవడం మానేశారు.

హైమవతి పరుగున వెళ్లి, ఒడ్డున చేపలమ్మే పోలమ్మ చేతికి డ్రోన్ల మైకు ఇచ్చింది. "పిన్నీ, నువ్వు పిలిస్తేనే వస్తారు."

పోలమ్మ గొంతెత్తింది. "ఒలే సత్తెవతీ! కూర తరవాత వండుకుందువుగానీ, పిల్లల్ని తీసుకుని ఒడ్డుకొచ్చీ! ఓ గురువులు మావా, నిన్నే! మా కోడలి బుజం పట్టుకుని నడు!"

ఆకాశంలోంచి ఆ కేక వినపడగానే వీధంతా ఉన్నపళంగా ఒడ్డుకి చేరింది. డ్రోన్లు ఫ్యాక్టరీని చుట్టుముట్టాయి. అడ్డం పెట్టుకోడానికి మనుషులు లేరని తెలిసి దొంగలు తుపాకులు పడేసి బయటికొచ్చారు.

"ఒక్క తూటా పేలలేదు పిన్నీ!" అంటూ హైమవతి ఆమెను వాటేసుకుంది.

పోలమ్మ మాత్రం మైకు వదల్లేదు. "ఇక ఇళ్లకి పదండర్రా! గురువులు మావ పైలం!"