తలగడ కింద మాత్ర

తలుపు కిర్రుమంది.

గోపమ్మ చేతులు గబుక్కున చెవి కమ్మలను కప్పేశాయి. పోయిన వారమే పక్క ఊళ్ళో ఒంటరి ముసలమ్మ చెవులు తెంపి కమ్మలు ఎత్తుకుపోయారు మరి!

తుంటి విరిగి మంచాన పడ్డాక, గడియ పెట్టుకుందామన్నా లేవలేదు పాపం. కొడుకు మణికండన్, కోడలు వెన్నిల టమాటా తోటకు పోయారు. కొడుకు తన కొత్త సెల్‌ఫోన్ నంబరు గోడ మీద రాసిపెట్టాడు. ఇంట్లో మాత్రం ఫోను లేదు.

వాకిట్లో ఎవరో నడివయసు ఆడమనిషి.

"లోపలికి రావచ్చునా పెద్దమ్మా?"

"ఎవురు నువ్వు?"

"పక్క వూరే. బీపీ మాత్ర మింగినావా?"

నా మాత్ర సంగతి దీనికెట్లా తెలుసు? అనుకుంది గోపమ్మ. తలగడ కింద దాచిన మాత్రలన్నీ ఆ మనిషి కంట పడనే పడ్డాయి.

"మింగితే మాటిమాటికీ ఒంటికి వస్తాది. ఎవురు లేపేది? పడకలోనే పోసుకోమంటావా?"

"నేను లేపుతాను. మింగు."

అప్పటినుంచి ఆమె రోజూ వచ్చింది. లేపింది, పెరట్లోకి నడిపించింది, కడిగింది. దాహమేసినా ఆ ఇంటి కడవ ముట్టలేదు.

గోపమ్మ భయం మాత్రం పోలేదు. ఇంత చాకిరీ ఊరికే ఎవరు చేస్తారు? తల దువ్వేటప్పుడు ఆ వేళ్ళు చెవికి తగిలితే ప్రాణం పోయినంత పనయ్యేది.

"ఎవతో వస్తా ఉండాది రా. నా కమ్మల మీదే కన్ను," అని కొడుకుతో చెప్పేసింది.

పొయ్యి దగ్గర వెన్నిల చెయ్యి ఆగింది. అత్త మొహం చూసి నోరు మెదపలేదు.

మర్నాడు మణికండన్ బయట తాళం వేసుకుపోయాడు.

"పెద్దమ్మా, మాత్ర?" కిటికీలోంచి పిలుపు.

గోపమ్మ ఊపిరి బిగబట్టి పడుకుంది. మాత్ర మళ్ళీ తలగడ కిందికే చేరింది. రోజూ అదే వరస.

ఒక మధ్యాహ్నం చెంబు అందుకోబోతే కుడిచెయ్యి కదల్లేదు. అరవబోతే మాట రాలేదు. చెంబు దొర్లిన చప్పుడుకు బయటినుంచి "పెద్దమ్మా!" అని కేక. రాయి దెబ్బకు తాళం ఊడింది.

ఆమే! గోపమ్మ తలను ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. కమ్మలు చెవులకే ఉన్నాయి.

కబురందిన వెన్నిల తోటనుంచి పరుగున వచ్చి ఆ మనిషి భుజం పట్టుకుంది.

"నేను నోరు తెరిచి చెప్పకపోతినే, అమ్మా!"

తక్కువ కులమని కొడుకు పెళ్ళినాడే మొహం చూడనని తాను ఒట్టు పెట్టుకున్న వియ్యపురాలిని "వదినా" అని ఒక్కసారి పిలవాలని గోపమ్మ నాలుక పెనుగులాడింది, పిలుపు రాలేదు.