ఎవరికి ఎవరు కనబడతారు

'మూడో మైదానంలో బండి చాటున నక్కిన శత్రువుకి నా మనిషి కనబడడు. అయినా కాల్చాడు. గమనించగలరు.'

పాయ్‌సాందూ ఊరి నుంచి దోన్ అనీసెతో అనే పెద్దాయన పంపిన మెయిల్ అది. ఆ వారంలో ఏడోది.

ఎల్బియో చదివి నెత్తి కొట్టుకున్నాడు. "ఈ పెద్దాయనకి వేరే పనీపాటా లేదా?"

నియెవెస్ తెరమీద మూడో మైదానం తెరిచి బండి చుట్టూ గడులు లెక్కపెట్టింది. ఒక్క గడి తేడా. పెద్దాయన చెప్పిందే నిజం.

మొంతెవిదేవోలో ఒక బేకరీ పైన చిన్న గదిలో కూర్చుని నాలుగేళ్లుగా వాళ్లిద్దరే ఆ ఆట తయారుచేస్తున్నారు. చదరంగంలా వంతులవారీగా సాగే యుద్ధం అది. మోకాలెత్తు గోడ చాటున దాక్కుంటే సగం తూటాలు తప్పుతాయి. నిలువెత్తు గోడయితే ఇంకా నయం. కానీ శత్రువు పక్కనుంచి చుట్టి వచ్చాడంటే ఎంత గోడైనా దండగే.

కాబట్టి ఏ గడిలో నిలబడితే ఎవరికి ఎవరు కనబడతారన్న దాంట్లోనే ఆట ప్రాణమంతా ఉంది. అక్కడ పొరపాటు జరిగితే ఆడేవాడికి ఒళ్లు మండుతుంది. మళ్లీ ఆ ఆట ముట్టుకోడు.

ముందుగా ఆడి తప్పులు చెబుతామని ఒప్పుకున్నవాళ్లు పాతికమంది. ఇరవై నలుగురు బాగుందని ఒక ముక్క రాసి ఊరుకునేవారు. దోన్ అనీసెతో ఒక్కడే ఒక్కో యుద్ధానికి రెండేసి రోజులు తీసుకుని, తన మనుషుల్లో ఒక్కణ్ణి కూడా పోగొట్టుకోకుండా ఆడేవాడు.

ఉండబట్టలేక నియెవెస్ ఒకసారి ఆయనకి ఫోన్ చేసింది.

"ఒక్క ఎత్తుకి గంటసేపు ఆలోచిస్తారేంటండీ?"

"మీ ఆటకి మర్యాద తెలుసమ్మాయ్. నా వంతు అయ్యేదాకా నోరెత్తకుండా కూర్చుంటుంది. మా ఆవిడ కూడా అలా కూర్చోదు."

ఆ రోజునుంచీ ఆయనంటే ఆమెకి ప్రాణం. పొద్దున్నే మాతే తేనీరు కలుపుకుని, మొదట ఆయన మెయిలే తెరిచేది.

ఆటకి ఎల్బియో బొమ్మలు గీయడం పూర్తయింది. బూడిదరంగు గడులన్నీ గోడలయ్యాయి, గడ్డి మొలిచింది, చర్చి లేచింది. తెరకి ఎడమపక్కన మాత్రం మొదటి రోజుల్లో రాసుకున్న మాటల వరసలు అలాగే మిగిలాయి. 'గోడ, మోకాలెత్తు, ఉత్తరాన. శత్రువు, ఆరు గడుల దూరం, తూర్పున.'

కిరాణా చీటీలా ఉందని ఎల్బియో విసుక్కున్నాడు. ఇంత అందమైన బొమ్మలుండగా అదెందుకని నియెవెస్ కూడా అనుకుంది. తీసేశారు.

మూడోరోజు మెయిల్ వచ్చింది.

'బొమ్మలు చాలా బాగున్నాయని మా ఆవిడ చెప్పింది. అయినా ఆ వరసలు ఉంచగలరా? నాకు వాటితోనే అలవాటు.'

పెద్దవాళ్ల చాదస్తం అంటూ ఎల్బియో నవ్వాడు. నియెవెస్‌కి కూడా కాస్త చిరాకేసింది. ఇప్పుడు అంతా కళ్లకు కట్టినట్టుంది కదా, నాలుగు రోజులు ఆడితే ఆ వరసల సంగతే మర్చిపోతారని తియ్యగా జవాబు రాసింది.

ఆయన కృతజ్ఞతలు చెప్పాడు. ఆ తర్వాత ఆయన దగ్గర్నుంచి ఒక్క మెయిల్ కూడా రాలేదు.

అలిగాడనుకుంది. ఫోన్ చేద్దామనుకుంటూనే పనిలో పడిపోయింది.

మూడు నెలల తర్వాత ఇద్దరూ ఓడెక్కి ఏరు దాటి బ్యూనస్ ఎయిరిస్‌లో ఆటల ప్రదర్శనకు వెళ్లారు. అక్కడ నలుగురి మెప్పూ పొందితేనే ఆట నిలబడుతుంది, లేకపోతే నాలుగేళ్ల చాకిరీ గంగపాలే.

మొదటగా ఆడిన కుర్రాడు తన మనిషిని బావి చాటున దాచాడు. అవతల చర్చి వెనక ఉన్న శత్రువు గోడలోంచే కాల్చేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. రెండో ఆటలోనూ అదే జరిగింది. సాయంత్రానికి వాళ్ల బల్ల దగ్గర ఈగలు తోలుకోవాల్సి వచ్చింది.

అన్ని నెలలుగా ఆ చర్చిని ఇరవై నలుగురూ చూశారు, వీళ్లిద్దరూ రోజూ చూశారు. ఒక్కరూ పట్టుకోలేదు.

తిరుగు ఓడలో ఎల్బియోయే తల వంచుకుని అన్నాడు.

"పెద్దాయనుంటే పట్టేసేవాడు."

మర్నాడే నియెవెస్ పాయ్‌సాందూ బస్సెక్కింది.

దోన్ అనీసెతో భార్య ఎర్సీలియా తలుపు తీసింది. ఆయన మధ్యాహ్నం కునుకులో ఉన్నాడని గొంతు తగ్గించి చెప్పి, వంటింట్లో కూర్చోబెట్టి మాతే కలిపింది. నియెవెస్ తప్పంతా తనదేనని ఒప్పుకుంది. ఒక్కసారి మళ్లీ ఆడి పెడతారేమో అడగడానికి వచ్చానంది.

"ఆ కంప్యూటరు మనవరాలికి ఇచ్చేశాడమ్మా. మీరు ఆ వరసలు తీసేశాక మూడు రోజులు దాని ముందే కూర్చున్నాడు. తర్వాత లేచిపోయాడు."

నియెవెస్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మాకు ఆయన కళ్లు కావాలండీ. అంత చూపు మాలో ఎవరికీ లేదు."

మాతే అందించబోతున్న ఎర్సీలియా చెయ్యి ఆగిపోయింది.

"మీకు సంగతి చెప్పమని ఎంత పోరానో. జాలిపడి ఆ వరసలు ఉంచితే నాకొద్దు, సాటి ఆటగాడు అడిగాడని ఉంచాలి అన్నాడు."

"జాలేంటండీ?"

ఆమె భర్త పడుకున్న గది వైపు చూసి మెల్లగా నవ్వింది.

"మీ వరసల్ని ఆ కంప్యూటరు పైకి చదువుతుంటే విని ఆడేవాడమ్మా, నలభయ్యేళ్ల కాపురంలో ఆయన నా మొహమైనా చూసింది లేదు."