వైరు లాగమన్న మనిషి

పాల్వంచ బస్టాండు పక్క షాపులో ఆరు కొమ్ముల రౌటర్‌ను శ్రీశైలం పెళ్లిచూపుల్లో పిల్లను చూసినంత మురిపెంగా చూశాడు.

"గా కొమ్ములది వద్దు కొడుకా," అన్నాడు పక్కనే నిలబడ్డ ముసలాయన. "ఎనక పోర్టు ఒక్కటే ఉంది. బయటి లైను దాంట్లకే పోతది. కంప్యూటర్‌కు వైరు యాడ పెడతవ్?"

"వైరెందుకు తాతా? ఇది వైఫై."

"ఫోన్లకు వైఫై సాలు. కంప్యూటర్‌కు వైరు గుంజాలె. గిదో, నాలుగు పోర్టులది తీస్కో. రెండు తీర్ల నడుస్తది. ఇంతకూ ఏం పనికి?"

"మా ఇంటామెకు రేపు టీచరు పరీక్ష. ఇంట్ల కూసోనే రాయాలె. మధ్యల లైను తెగితే పరీక్ష బంద్. వయసు దాటుతున్నది, ఇదే ఆఖరి సారి."

"ఆఖరిదంటున్నవ్. గాలికి ఇడుస్తవా?"

"నువ్వేమన్న ఇంజనీరువా తాతా?"

"కాదు. ఫోన్ల పని చేసిన."

"ఏ ఫోను? గుండ్రంగ తిప్పేటిదా?"

శ్రీశైలం నవ్వుకుంటూ ఆరు కొమ్ములదే కొన్నాడు.

తెల్లారి పది గంటలకు ముందు గదిలో ఆరు కొమ్ములూ నిక్కి నిలబడ్డాయి. శ్రీశైలం ఫోన్‌లో నెట్ బ్రహ్మాండంగా వస్తోంది.

కానీ పాత క్వార్టరు గోడలు మూరెడు మందం.

లోపలి గదిలో అతని భార్య శ్రీదేవి ముప్పై రెండో ప్రశ్న దగ్గరుండగా కంప్యూటర్ తెర కదలడం మానేసింది. మళ్లీ కదిలేసరికి 'పరీక్ష ముగిసింది' అని ఉంది.

శ్రీదేవి ఏడవలేదు. పుస్తకాలన్నీ కట్ట కట్టింది.

"షాపుల ఒక ముసలాయన చెప్పనే చెప్పిండు," గొణిగాడు శ్రీశైలం. "నేనే ఇనలే."

గనిలో పనిచేసి రిటైరైన తండ్రి సమ్మయ్య మంచం మీది నుంచి తల తిప్పాడు. "ఎవరాయన?"

"తెల్వదు నాయ్నా. ఫోన్ల పని చేసినన్నడు. మాట్లాడినంత సేపు రెండు పిడికిళ్లు గిట్ల ఆనిచ్చి పెట్టిండు, ఏందో పట్టుకున్నట్టు. ఒక్కసారి గూడ తియ్యలే."

సమ్మయ్య లేచి కూర్చున్నాడు. కొడుకు ఆనించి చూపిన పిడికిళ్లనే చూశాడు.

"మంగయ్య," అన్నాడు. "గని కప్పు కూలిననాడు తెగిన ఫోను వైరు రెండు కొసలు కలిపి పట్టుకున్నడు. పైనోళ్లు చెప్పిన దారి ఇనుకుంట మేం పదకొండు మందిమి బయటపడ్డం."

"మరి ఆయనెట్ల బయటికొచ్చిండు?"

"కొసలు ఇడిస్తేగద వచ్చేటిది," అన్నాడు సమ్మయ్య, "ముప్పై ఏండ్లాయె, లోపల్నే ఉన్నడు."