బావమరిది మాట

బావమరిది ఒక్క మాటతో తాళాల మేస్త్రి భార్యను చంపాడు. మేస్త్రికి ఇందులో అనుమానమేమీ లేదు. ఆపరేషను చేయించమన్నాడు, చేయించారు, ఆమె బల్ల మీది నుంచి లేవలేదు.

శవం ఇంట్లో ఉండగానే ముఖాన చెప్పేశాడు. "తోడబుట్టినదాన్ని నోటితో చంపావు. ఇక నా గడప తొక్కకు." తర్వాత ఏ చుట్టం కలిసినా అదే చెప్పాడు. బావమరిది మొదట్లో ఏదో చెప్పబోయాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. ఆనక మానేశాడు. తప్పు చేసినవాడు ఏం చెబుతాడు?

అలాంటి మనిషితో ఇప్పుడు ఆసుపత్రి లిఫ్టులో ఇరుక్కుపోయాడు.

కూతురు పై అంతస్తులో పురిటినొప్పులు పడుతోంది. కబురు అందగానే మేస్త్రి దుకాణం తెరిచింది తెరిచినట్టే వదిలేసి వచ్చాడు. లిఫ్టు తలుపులు మూసుకుంటుండగా సందులో ఖాకీ చొక్కా చెయ్యి దూరింది. బావమరిదే, బస్సు డ్రైవరు. మేనకోడలి సంగతి తెలిసి డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు.

మేస్త్రి గోడవైపు తిరిగాడు. లిఫ్టు కాస్త పైకి పోయి, ఒక్క కుదుపు కుదిపి ఆగింది. లైటు ఆరింది. ఫ్యాను ఆగింది.

"కంగారు పడకండి! మెకానిక్కు వస్తున్నాడు!" బయటినుంచి ఎవరో అరిచారు.

మేస్త్రి తలుపంతా తడిమాడు. ఆయన తెరవలేని తాళం ఊళ్ళో లేదు. దీనికి బెజ్జమే లేదు.

"కూర్చో బావా. ఊపిరాడక పడిపోతావు."

"నేనెవరికీ బావను కాను. ఆ చుట్టరికం మీ అక్కతోనే పోయింది."

"ఊఁ," అన్నాడు బావమరిది.

"పైన ఎవరేం అడిగినా నోరు తెరవకు. నీ సలహాకి ఒక ప్రాణం ఇచ్చాం. చాలు."

"ఊఁ."

"ప్రాణం మీది సంగతులు బుర్ర పెట్టి ఆలోచించి చెప్పాలి. నోటికొచ్చింది అనేసి చేతులు దులుపుకోవడం కాదు."

ఈసారి బావమరిది ఊఁ కూడా అనలేదు.

మేస్త్రి ఫోను మోగింది. అల్లుడు.

"ఎక్కడున్నారు మామయ్యా? పెద్ద డాక్టరమ్మ వెంటనే కోసి బిడ్డను తీసేద్దామంటోంది. చిన్న డాక్టరేమో వద్దంటున్నాడు. తనకి రక్తం గడ్డకట్టడం లేదట, కత్తి పెడితే ఇక ఆగదేమోనట. అలాగని ఆగితే బిడ్డ గుండె నిలిచిపోయేలా ఉందట. వాళ్ళు తేల్చుకోలేక నన్ను చెప్పమంటున్నారు! నాకేం తెలుసు మామయ్యా?"

కోస్తే కూతురు. కోయకపోతే బిడ్డ. ఎటు చేసినా ఇద్దరూ పోవచ్చు, ఇద్దరూ దక్కనూ వచ్చు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. నుయ్యి ఏదో గొయ్యి ఏదో తెలిసినవాడు అదృష్టవంతుడు. ఇక్కడ రెండువైపులా చీకటే.

"మామయ్యా, వింటున్నారా? ఆపరేషనుకి ఒప్పుకోమంటారా?"

"ఊఁ..." అన్నాడు మేస్త్రి, ఏం చెప్పాలో లోపల వెతుక్కుంటూ.

"సరే మామయ్యా!"

ఫోను పెట్టేశాడు అల్లుడు.

"బాబూ, ఆగు! ఆగు!"

మళ్ళీ చేశాడు. అటు మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. మేస్త్రి రెండు చేతులతో తలుపు బాదాడు. "నేను చేయించమనలేదు! వింటున్నానని ఊఁ కొట్టానంతే! ఎవరైనా పైకెళ్ళి చెప్పండయ్యా!"

చీకట్లో బావమరిది నవ్వినట్టనిపించింది. గిర్రున తిరిగి ఫోను వెలుగు అతని మీద వేశాడు. నవ్వు కాదు. చొక్కా చేతితో ముఖం తుడుచుకుంటున్నాడు.

"చేస్తూనే ఉండు బావా. దొరికేదాకా చెయ్యి," అన్నాడు. "తర్వాత చెబితే ఎవరూ నమ్మరు."

దొరకలేదు. మేస్త్రి నేలమీద చతికిలబడ్డాడు. కూతురికి ఏమైనా అయితే జనం ఏమంటారో ఆయనకు బాగా తెలుసు. కన్నకూతుర్ని నోటితో చంపాడంటారు. గాలి లేదు. తలుపు కదలదు. పైన కత్తి దిగుతూ ఉంటుంది. ఇక్కడ తాళాల మేస్త్రి ఉత్త చేతులతో కూర్చుని ఉన్నాడు. బావమరిది పక్కనే కూర్చుని, తన టోపీతో ఆయనకు విసరసాగాడు.

చివరికి లైటు వెలిగింది. లిఫ్టు కదిలింది. తలుపులు తెరుచుకునేసరికి ఎదురుగా అల్లుడు. ఏడుస్తున్నాడు.

మేస్త్రి గోడకు అంటుకుపోయాడు.

"పాప, మామయ్యా! ఇద్దరూ క్షేమం!" అల్లుడు వచ్చి వాటేసుకున్నాడు. "ఇంకాస్త ఆగి ఉంటే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదట. అంతంత చదివినవాళ్ళు తేల్చలేనిది మీరు ఒక్క మాటతో తేల్చేశారు. ఏం గుండె మామయ్యా మీది! ఊరంతా చెప్పుకుంటాను."

బావమరిది టోపీ పెట్టుకుని, పాపను చూడ్డానికి వరండా వెంట నడిచాడు.

"వాడు అక్కను నోటితో చంపాడన్న మాట నా ముందు ఇంకెవరూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను, చచ్చేదాకా," అన్నాడు మేస్త్రి.

భార్యకు ఆపరేషనన్న రోజు తనే ఫోను చేసి "ఒప్పుకోమంటావా" అని అడిగితే, నడుస్తున్న బస్సులోంచి బావమరిది "ఊఁ..." అన్నాడు, తను మిగతాది వినకుండానే ఫోను పెట్టేశాడు.