కషాయం కంటే ముందు

“దొంగది! దొంగది!”

పూర్ణిమ కేకకు కోదాడ బస్సంతా ఉలిక్కిపడింది.

పక్కసీటు ముసలామె చేయి ఇంకా పాప స్వెటర్ లోపలే ఉంది. పాప నడుముకు వెండి మొలతాడు ఉంది మరి.

అప్పటిదాకా మంచిగానే మాట్లాడిందామె.

“ఎన్ని నెలలు బిడ్డా?”

“తొమ్మిది. రాత్రి నుంచి జరం, సర్ది. పాలు కూడ తాగుతలేదు.”

“మరి గిన్ని బట్టలెందుకు తొడిగినవ్?”

“చెమట పడితే జరం దిగుతదట. మా అత్త చెప్పింది.”

స్వెటర్ మీద స్వెటర్, మంకీ క్యాప్, ఆ పైన చద్దరు.

“మునగాల పోతున్న. గాడ గోపమ్మ అని, కషాయం మంచిగిస్తదట,” అంది పూర్ణిమ.

“కషాయం తర్వాత, ముందు గివి ఇప్పు. ఉడుకుతున్న కుండకు మూత పెట్టినట్టే ఉన్నది.”

“సలి పెడ్తదమ్మా!”

ఆమె ఇక అడగలేదు. చద్దరు లాగేసి, గుండీలు విప్పుతూ లోపలికి చేయి పెట్టింది.

పూర్ణిమ అరిచింది అప్పుడే.

“ఫ్రీ బస్సు అయినకాంచి గిట్లాంటోళ్ళే ఎక్కుతున్నరు,” అన్నాడు వెనక సీటాయన.

“దిగు, దిగు!” కండక్టర్ విజిల్ ఊదాడు.

“అయ్యా, నా మాట ఇనుండ్రి... బిడ్డ ఒళ్ళు సూడుండ్రి...”

ఆ గోలలో ఎవరు వింటారు? దురాజ్‌పల్లి దాటాక ఎండలో దింపేశారు.

బస్సు కదిలినా ఆమె చేత్తో సైగ చేస్తూనే ఉంది, విప్పు, విప్పు అన్నట్టు.

“ఇంకా సిగ్గు లేదు సూడు,” అంటూ పూర్ణిమ చద్దరు మళ్ళీ గట్టిగా చుట్టింది.

మునగాలలో దిగి, అడుగుతూ అడుగుతూ గోపమ్మ ఇల్లు చేరేసరికి పాప ఏడుపు ఆగిపోయింది. నిద్రపోయింది, మంచిదే అనుకుంది పూర్ణిమ.

గేటు దగ్గరే గోపమ్మ కోడలు రమ్య నిలబడి ఉంది. పక్కనే స్టార్ట్ చేసిన ఆటో.

పూర్ణిమ నోరు తెరవకముందే పాపను అందుకుంది. చద్దరు, టోపీ, స్వెటర్లు చకచకా విప్పి పడేసింది.

“ఏం చేస్తున్నవక్కా! కషాయం కోసమొస్తే...”

“తొమ్మిది నెలల పిల్లకు కషాయమేంది? కండ్లు తేలేస్తున్నది, కనపడ్తలేదా? సీదా కోదాడ దవాఖానకు పోదాం. ఎక్కు!”

కదులుతున్న ఆటోలో రమ్య తడిగుడ్డతో ఒళ్ళు తుడిచింది. కాసేపటికి పాప సన్నగా మూలిగింది.

పూర్ణిమకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

“అక్కా... తొమ్మిది నెలలని నీకెట్ల తెలుసు?”

రమ్య గుడ్డ పిండుతూ అంది.

“మా అత్తమ్మ ఫోన్ చేసింది. బస్సుల నుంచి దింపేసిండ్రట, పాపం, ఇంకా రోడ్డు మీదనే నిలబడ్డది.”