పిడికెడు చక్కెర

“ఉప్పు నీళ్లు తాపిన్నంటవు, మరి చక్కెర ఏమాయెనే? చక్కెర ఎందుకెయ్యలే?”

గోదావరి సిస్టర్ అరుపుకు ఇళ్ల ముందు బీడీలు చుట్టుకుంటున్న ఆడవాళ్లంతా చేటలు పక్కన పెట్టి లేచొచ్చారు. హన్మవ్వ మాత్రం తలెత్తలేదు. ఆమె ఒళ్లో ఏడాదిన్నర గంగారాం కళ్లు లోతుకు పోయి, పెదాలు ఎండిపోయి, ఏడవడానికి కూడా ఓపిక లేక పడున్నాడు. సిస్టర్ వాడి పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. పట్టినచోటే ముడత అలాగే నిలిచిపోయింది.

“ఎప్పటిసంది విరేచనాలు?”

“మొన్నటిసంది అమ్మా.”

“మరి నిన్న దవఖానకు ఎందుకు తీస్కపోలే?”

“నిన్న చెరుకు కోత ఉండె. ఒక్కదినం బందువెడితె మేస్త్రి మల్ల పిలువడు. మా ఇంటాయన పటేలు బండి తోలుకొని ఫ్యాక్టరీకి పోయిండు, ఇంక రాలే. నేనొక్కదాన్ని ఎట్ల పోవాలె?”

సిస్టర్‌కు ఒళ్లు మండిపోయింది. ఈ ఊళ్లో చెప్పీ చెప్పీ ఆమె నోరు పడిపోతోంది. పోయిన వారమే కదా, ఈ గల్లీ ఆడవాళ్లందర్నీ ఒకచోట కూచోబెట్టి విడమరిచి చెప్పింది! కాచి చల్లార్చిన పెద్ద చెంబుడు నీళ్లు, మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు, పిడికెడు చక్కెర. బడిపిల్లల చేత చెప్పించినట్టు ఒక్కొక్కరి చేతా తిరిగి చెప్పించింది కూడా. అందరికంటే బాగా అప్పజెప్పింది ఈ హన్మవ్వే. తీరా పని పడ్డనాడు ఒట్టి ఉప్పునీళ్లు పోసి కూచుంది! పోనీ సంచిలోంచి ఒక మందు పాకెట్ తీసిద్దామంటే అవి అయిపోయి నెలైంది. పైనుంచి వస్తేగా!

“నీళ్లు తాపుతెనే ఇంక ఎక్కువైతదమ్మా,” అంది పక్కింటి ముసలి భూమవ్వ. “మా కాలంల నాలిక తడుపుతుంటిమి, గంతే.”

“నీ కాలంల నీకు ఎంతమంది పిల్లలు బతికిన్రు?”

భూమవ్వ వేళ్లు మడవబోయి ఊరుకుంది.

“బెల్లమన్న లేదా ఇంట్ల?” సిస్టర్ మళ్లీ హన్మవ్వ మీద పడింది.

“లేదమ్మా.”

“గంజి?”

“పోసిన. కక్కిండు.”

“ఇంకో గంట గిట్లనే ఉంటె పోరడు దక్కడు. పోండ్రి, ఎవరింట్లనన్న పిడికెడు చక్కెర పట్టుకరాండ్రి!”

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “కంట్రోల్ దుకాన్ల రేషన్ శక్కెర రాక రెండు నెల్లాయె సిస్టరమ్మా,” అన్నారు. నమ్మదేమోనని ఒకామె ఇంట్లోంచి డబ్బా తెచ్చి అరచేతిలో బోర్లించి చూపించింది. రెండు చీమలు రాలాయి.

“ఇదేం ఊరే! చుట్టుముట్టు చెరుకే. ఫ్యాక్టరీ కూత ఈడిదాంక వినవడ్తది. పిడికెడు చక్కెరకు దిక్కులేదా?”

“చెరుకు మాదా అమ్మా? మేం కొట్టేటోల్లమే గదా,” అంది ఆ డబ్బా ఆమె.

బోధన్ పెద్ద దవఖానకు పోదామంటే బస్సు మధ్యాహ్నానికి గానీ లేదు. అందాకా వాడి కడుపులో నాలుగు గుక్కలైనా నిలవాలి. అప్పుడే బాట మీద చెరుకు బండి చప్పుడైంది. సిస్టర్ కుచ్చిళ్లు ఎగదోపుకుని పరుగెత్తింది. బండి వెనక నుంచి రెండు గడలు పట్టి లాగింది.

“ఏందమ్మో, పట్టపగలు దొంగతనమా!” బండి మీదున్న పోశన్న లబలబలాడాడు. “తూకం తక్కువొస్తె పటేలు నన్నడుగుతడు!”

“సిస్టర్ దొంగతనం చేసిందని చెప్పుపో మీ పటేలుకు!” అంటూనే గడలు ఈడ్చుకుంటూ వచ్చేసింది.

కడిగి, కత్తితో చెక్కి, ముక్కలు చేసింది. రోట్లో వేసి దంచింది. తొందరలో వేలు తెగినా చూసుకోలేదు. సంచిలోని శుభ్రమైన గుడ్డలో వేసి పిండి, కాచిన నీళ్లూ చిటికెడు ఉప్పూ కలిపింది. అంత సేపూ గల్లీని, కంట్రోల్ దుకాణాన్ని, పటేల్ని, పైవాళ్లని, కిందివాళ్లని అందర్నీ కలిపి తిడుతూనే ఉంది.

“నోరు తెరువు బిడ్డా. తియ్యగుంటది, తాగు బిడ్డా.”

మొదటి చెంచా లోపలికి పోయింది. రెండోది పెదవి చివర నుంచి కారిపోయింది. మూడోది సిస్టర్ చేతిలోనే ఉండిపోయింది. భూమవ్వ వంగి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

గోదావరి సిస్టర్‌కు ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక, ఎదురుగా ఉన్న తల్లి మీదే చూపించింది.

“నెత్తీ నోరూ కొట్టుకొని చెప్తిని గదనే! ఆపతికుంటదని పిడికెడు చక్కెర దాసిపెట్టుకోరాదా? పిడికెడే గదా! ఆ మాత్రం తెల్వదా నీకు?”

హన్మవ్వ కొడుకు గడ్డానికి అంటిన చెరుకు రసాన్ని కొంగుతో మెల్లగా తుడిచింది.

“దాసిన్నమ్మా. పోయినవారం నువ్వొస్తె చాయ్‌ల ఏసిన. తియ్యగ లేదంటివి, డబ్బల ఉన్నదంత నీ కప్పులనే ఒంపిన.”